మర్హూం రహీం సాహెబు – అమ్ముగూడ కుర్రాడు

మన పెద్దల్లో ఒకరిని తలుచుకోవాలని ఈ సంచికకి కూర్చున్నప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చిన పేరు జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. మన అరకు కొండలకీ ఆయనకీ సంబంధం ఏమిటని కొందరు అడగవచ్చు. ఆయన హైదరాబాదు మనిషి, మనకది ఒక రాత్రి ప్రయాణం దూరం. అయితే చేతిలో డబ్బు లేక, కాళ్ళకి బూట్లు లేక, ఆట మాత్రం నిండుగా ఉన్న పిల్లలు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు. అటువంటి పిల్లవాణ్ణి ఆయన ఎలా పైకి తెచ్చేరో మన ఇళ్ళల్లో చెప్పుకోదగ్గ సంగతి.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివి, అక్కడి జట్టుకి ఫుట్‌బాల్ ఆడేరు. వృత్తి పంతులుగిరీ. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు – ఇలా నాలుగు బళ్ళల్లో పాఠాలు చెప్పి, తరవాత వ్యాయామవిద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటల బాధ్యత నెత్తికెత్తుకున్నారు. ఆయన్ని అందరూ కోచ్ అంటారు గాని, మా దృష్టిలో ఆయన చివరిదాకా బడిపంతులే. పిల్లవాడు ఎక్కడ తప్పుతున్నాడో చూసి, ఆ తప్పు పోయేదాకా వదలకపోవడం పంతులు లక్షణం కదా!

1940ల మొదట్లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయి, పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకుంది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయేనని అనుకుంటున్న జనం అప్పుడు హైదరాబాదు వైపు తిరిగి చూసేరు.

ఆయన పెట్టించిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒక పోటీలో బంతిని కాలిదగ్గర ఉంచుకుని గిరగిరా తిప్పడానికి వీల్లేదు, రాగానే పక్కవాడికి అందించెయ్యాలి. ఇంకొక పోటీలో అలవాటులేని కాలితోనే తన్నాలి. పొట్టివాళ్ళకని వేరే పోటీ. చూసేవాళ్ళకి వేడుకగా ఉన్నా, ఇందులో లెక్క ఉంది. మన కుర్రాళ్ళు ఎవడి గొప్ప వాడు చూపించుకోవాలని బంతి వదలరు. ఆ జబ్బుకి ఇది మందు. కుడికాలు ఒక్కటే వచ్చిన ఫార్వర్డుని అడ్డుకోవడం తేలిక, రెండు కాళ్ళూ వచ్చినవాణ్ణి ఆపడం కష్టం.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు భారత జట్టుకి ఆయనే శిక్షకులు. ఫైనల్లో ఇరాన్ మీద 1–0తో గెలిచి స్వర్ణం తెచ్చేరు. మర్నాటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో కథ అడ్డం తిరిగింది. యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయేరు. మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతోనే ఆడేరు. ఆ తరవాత మన దేశంలో బూట్లు తప్పనిసరి చేసేరు. మంచి నిర్ణయమే. కాని బీదపిల్లడికి అది కొత్త ఖర్చు కాదా?

ఇక్కడే అమ్ముగూడ కుర్రాడి కథ వస్తుంది. సికింద్రాబాదు దగ్గరి ఆ ఊళ్ళో 1936 అక్టోబరు 4న ఒక బీద తమిళ కుటుంబంలో పుట్టినవాడు తులసీదాస్ బలరాం. ఆట పిచ్చి ఉంది గాని బూట్లు కొనే తాహతు లేదు. పోలీసుల పాతబూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి చేత రెండు రూపాయలకి బూట్లు కుట్టించుకుని ఆడేడు. ఎడంపక్కనుంచి దూసుకొచ్చే ఆ ఫార్వర్డు స్థానిక లీగు ఆటల్లో రహీం సాహెబు కంట పడ్డాడు. సంతోష్ ట్రోఫీకి హైదరాబాదు జట్టు ఎంపిక జరుగుతోంది, రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి నగరంలోని మైదానానికి రోజూ ఎలా వచ్చేది? కుర్రాడు నసిగేడు. రహీం సాహెబు సైకిలు అద్దెకి తన జేబులోంచి డబ్బులిచ్చేరు.

చూడబోతే ఎంత? ఆ రోజుల్లో సైకిలు అద్దె చిల్లర డబ్బే. కాని బడిపంతులుకి జీతమెంతో మనలో పంతుళ్ళకి తెలుసు. పైగా ఆ కుర్రాడు తన బడివాడు కాదు, తన పోలీసు జట్టువాడు కాదు, తన మతంవాడూ కాదు. ఆ చిల్లరే దొరక్కపోతే బలరాం అమ్ముగూడ దాటేవాడా అన్నది మాకు అనుమానమే.

1956లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఏడాది చివర మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన రహీం సాహెబు జట్టులో ఇరవై నిండిన బలరాం ఉన్నాడు. అక్కడ నెవిల్ డిసూజా మూడు గోళ్ళతో ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి, భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1957లో బలరాం కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళేడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోళ్ళు కొట్టేడు. రెండు ఆటలూ మనం ఓడిపోయినా, ఆ గోళ్ళు చూసినవాళ్ళు మరిచిపోలేదు.

1962 నాటికి రహీం సాహెబుకి ఊపిరితిత్తుల క్యాన్సరు. ఆ ఒంటితోనే జకార్తా ఆసియా క్రీడలకి జట్టుని తీసుకెళ్ళేరు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. తరవాత థాయిలాండునీ, జపానునీ, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంనీ దాటేరు. రాజకీయపు గొడవల మూలంగా అక్కడి జనం మనవాళ్ళమీద కోపంగా ఉన్నారు. ఫైనల్ ముందు రాత్రి సాహెబు కుర్రాళ్ళని కూర్చోబెట్టి, తనకి కానుకగా బంగారు పతకం కావాలని అడిగేరట. సెప్టెంబరు 4న అదే కొరియాని 2–1తో ఓడించేరు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకి కుట్లు పడిన దెబ్బతో ఫార్వర్డుగా ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోలు. ఆ జట్టులో బలరాంతోపాటు తంగరాజ్, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ కూడా హైదరాబాదు నేలనుంచి వచ్చినవారే.

1963 జూన్ 11న రహీం సాహెబు అల్లా సన్నిధికి చేరేరు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కి ఆ తరవాత స్వర్ణం రాలేదు. కొడుకు సయ్యద్ అబ్దుల్ హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నవారే. ఆయన 2021లో పోయేరు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చేక గాని కొత్తతరం పిల్లలకి రహీం సాహెబు పేరు తెలియలేదు.

బలరాం సంగతంటారా? గురువు పోయిన ఆ 1963లోనే అతనికీ ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుని, ఇరవయ్యారేళ్ళ ప్రాయంలో ఆట మానుకోవలసి వచ్చింది. బెంగాల్లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూసేరు.