అలెస్సాండ్రో వోల్టా

విద్యుద్దీపం కొన్నప్పుడల్లా దానిపై అచ్చువేసిన వోల్టుల సంఖ్యను చూస్తాం. ఆ మాట వెనుక ఉన్న మహనీయుడు అలెస్సాండ్రో వోల్టా. ఆయన 1745 ఫిబ్రవరి 18న ఉత్తర ఇటలీలోని కోమో పట్టణంలో జన్మించాడు. నాలుగేళ్ల వరకు మాటలు రాని ఆ బిడ్డ, బడికి వెళ్లే వయస్సు వచ్చేసరికి చురుకైన విద్యార్థి అయ్యాడు. పెద్దలు చర్చి సేవనో న్యాయవాద వృత్తినో కోరినా, ఆయన మనస్సు విద్యుత్తుపైనే లగ్నమైంది.

కోమోలోని పాఠశాలలో భౌతికశాస్త్ర బోధకుడిగా ఉన్న రోజులలోనే, 1775లో, ఎలక్ట్రోఫోరస్ అనే సాధనాన్ని వెలుగులోకి తెచ్చాడు. లక్క వంటి పదార్థంతో చేసిన దిమ్మను ఒకసారి రుద్ది, దానిపై పిడి గల లోహపు పళ్లెం ఉంచి, పళ్లెమును వేలితో తాకి పైకెత్తితే దానిలో విద్యుదావేశం నిలుస్తుంది. ఎన్నిసార్లు ఎత్తినా దిమ్మలోని ఆవేశం ఖర్చు కాదు. మరి ఆ నిప్పురవ్వలకు శక్తి ఎక్కడిది? దిమ్మ ఆకర్షణకు ఎదురుగా పళ్లెమును ఎత్తిన చేతిది. ఈనాడు ఉన్నత పాఠశాల విద్యార్థి చెప్పగల ఈ సమాధానం ఆనాటి శాస్త్రానికి ఇంకా అందలేదు.

ఆ తరువాత పావియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన వోల్టా, ఆవేశం ఎంత ఉన్నదనేది వేరు, అది ఎంత బిగువుతో ఉన్నదనేది వేరు అని స్పష్టంగా గ్రహించాడు. చెంబెడు నీరు సన్నని గొట్టంలో ఎత్తుగా నిలుస్తుంది, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరచుకుంటుంది. ఆవేశమూ అంతే. ఆ బిగువే నేటి వోల్టేజి. బ్యాటరీని నిర్మించిన కీర్తికంటె ఈ వివేచన తక్కువదేమీ కాదు.

బొలోనా నగరపు శరీరశాస్త్రజ్ఞుడు గాల్వానీ, రెండు లోహాలు తగిలినప్పుడు చచ్చిన కప్ప కాలు అదరడం చూసి, జంతు శరీరంలోనే విద్యుత్తు ఉన్నదని 1791లో ప్రకటించాడు. మొదట అంగీకరించిన వోల్టా తరువాత సందేహించాడు. తగరాన్ని, వెండిని తన నాలుకకే తాకించి పుల్లని రుచిని గమనించాడు. కప్పతో పనిలేదని, రెండు భిన్న లోహాలు, వాటి నడుమ తడి చాలునని నిశ్చయించుకున్నాడు. వెండి, జింకు బిళ్లలను జతలుగా పేర్చి, జతకూ జతకూ నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కను ఉంచాడు. జతలు పెరిగినకొద్దీ బిగువు పెరిగింది, ప్రవాహం ఆగలేదు. 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఈ వార్త వ్రాశాడు. ఆ ఏడే నికల్సన్, కార్లైల్ ఈ దొంతరతో నీటిని విడగొట్టారు. మరుసటి ఏడు పారిస్‌లో నెపోలియన్ స్వయంగా ఈ ప్రయోగాలను తిలకించాడు. ఓడిన గాల్వానీ అప్పటికే, 1798లో, కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చేయనందున పదవి కోల్పోయి కన్నుమూశాడు.

గెలిచిన వోల్టా కూడ ఒకచోట పొరబడ్డాడు. లోహాల స్పర్శ మాత్రమే తరగని విద్యుత్తునిస్తుందని నమ్మాడు. జింకు క్షీణించడాన్ని లెక్కలోకి తీసుకోలేదు. శక్తి రసాయనిక మార్పు నుండి వస్తున్నదని తరువాతి తరంలో ఫారడే మొదలైనవారు నిరూపించారు.

వోల్టా 1827 మార్చి 5న కోమోలోనే మరణించాడు. 1881లో పారిస్‌లో సమావేశమైన విద్యుత్ శాస్త్రజ్ఞులు ఆయన పేర వోల్టును ప్రమాణంగా స్వీకరించారు. ఒక కూలూంబ్ ఆవేశానికి ఒక జౌల్ శక్తి లభిస్తే అది ఒక వోల్టు. టార్చిలైటులోని 1.5 వోల్టుల సెల్లు ప్రతి కూలూంబ్‌కు 1.5 జౌళ్లు ఇస్తుంది. ఒకదాని వెనుక ఒకటిగా రెండు సెల్లులు పెడితే 3 జౌళ్లు. వోల్టా తన బిళ్లలను దొంతరగా పేర్చినది ఇలాగే.