యల్లాప్రగడ సుబ్బారావు

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, మదరాసు వైద్యకళాశాలలో శస్త్రచికిత్సకు ఖద్దరు ధరించి వచ్చి ఆంగ్లేయుడగు ఆచార్యుని కోపమునకు గురియైరి. ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తోనే తృప్తి పడవలసివచ్చెను. బోస్టనులో రాత్రులు ఆసుపత్రి సేవకుడై చదువు సాగించిరి.

1927లో హార్వర్డున ఫిస్కేతో గూడి కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. మార్టూరున మిరపకాయల బస్తాను ఒక్క ఊపున భుజమున కెత్తు కూలివానికి ఆ క్షణమున అక్కఱకు వచ్చు బలము చాలవఱకు దీనిదే. ఇది దినదినము కొంచెముగా క్రియాటినిన్‌గా మారి మూత్రమున వెడలును. కండ యెంత యున్నచో అంతకు తగినట్లే వెడలును. కావున ఒక దినపు మూత్రమందలి క్రియాటినిన్‌ను కొలిచి, దేహమున కండ యెంత గలదో వైద్యులు ఉజ్జాయింపుగా చెప్పగలరు. మాంసము మిక్కిలిగా తినువారియెడ, మూత్రపిండముల జబ్బు గలవారియెడ ఈ లెక్క తప్పును.

హార్వర్డు ఆయనకు స్థిరమగు పదవి నీయలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెడలి, 1948లో మరణించిరి.