విలియం కేరీ - ప్రార్థనాజీవనము

కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీ నది పడమటి గట్టున శ్రీరామపురము కలదు. 1834 జూన్ 9వ తేదీన అచ్చట కన్నుమూసిన విలియం కేరీ పండితునిగా, అనువాదకునిగా లోకప్రసిద్ధుడు. 1814లో ప్రకటితమైన ఆయన తెలుగు వ్యాకరణము వలన ఆంధ్రులకును ఆత్మీయుడు. ఆ పాండిత్యమునకు వెనుక, లోభముతోను నిరాశతోను జీవితాంతము పోరాడిన ఒక ప్రార్థనాపరుడు కలడు.

1761లో ఇంగ్లండునందు ఒక బీద నేతగాని యింట కేరీ జన్మించెను. బాల్యముననే చెప్పులు కుట్టు పని నేర్చుకొనుటకు ఒకరి యొద్ద చేరెను. ఒక క్రిస్మసు సమయమున ఒక వర్తకుడు అతనికి ఈనాముగా షిల్లింగు నాణెమిచ్చెను. అది చెల్లని నాణెమని పిదప తెలిసెను. యజమానుని సొమ్ములోని మంచి షిల్లింగును తాను గ్రహించి, చెల్లనిదానిని అందు చేర్చి చెప్పవలెనని బాలుడు నిశ్చయించుకొనెను. ఇంటికి పోవు దారిలో, ఈ ఒక్క తప్పును కప్పిపుచ్చినచో మరెన్నడును చేయనని దేవుని ప్రార్థించెను. మోసము బయటపడెను. సిగ్గుచే కొంతకాలము నలుగురిలోనికి రాజాలకపోయెను. పాపమును దాచుమని వేడుకొనుట ప్రార్థన కాదని అతడు గ్రహించెను. హృదయమును మార్చుమని వేడుకొనుట ఆనాటినుండి ఆరంభమయ్యెను.

1793లో కేరీ కలకత్తా చేరెను. 1801లో ఫోర్టు విలియం కళాశాలలో వంగభాషాబోధకుడై నెలకు 500 రూపాయలును, తరువాత ఆచార్యుడై 1,000 రూపాయలును పొందెను. ఆ కాలమున తెల్లదొరలు పలువురు ధనార్జనకే ఈ నగరమునకు వచ్చుచుండిరి. కేరీ మాత్రము తన కుటుంబమునకు కావలసిన స్వల్పభాగము తప్ప తక్కినదంతయు శ్రీరామపుర మిషనుకు అర్పించెను. అచ్చటివారు స్వంత వ్యాపారము చేయరాదనియు, ఆర్జన ఉమ్మడి నిధికి చెందవలెననియు నియమము. రహస్యప్రార్థన యందు ఎడతెగక నిలువవలెనని 1805లో తమ ఒడంబడికలో వ్రాసికొని, దానిని ఏటికి మూడుమారులు సభలో చదువుకొనుచుండిరి. ప్రతి ఉదయమును కేరీ తన తోటలో ఒంటరిగా ప్రార్థించుట వాడుక.

శోధన ఇంటిలోనికిని వచ్చెను. కుమారుడు ఫీలిక్సు మిషను సేవ విడిచి, 1814లో బర్మా రాజునకు రాయబారియై ఆడంబరముగా కలకత్తాకు వచ్చెను. లోకము దానిని ఉన్నతి యనెను. తండ్రికది పతనముగా తోచెను. అతని కొరకు ప్రార్థింపుడని మిత్రులకు వ్రాసెను. ఫీలిక్సు కొన్నేండ్లకు శ్రీరామపురమునకు మరలివచ్చి, 1822లో మరణించువరకు తండ్రి పనిలో తోడ్పడెను.

అంతకు ముందే, 1812 మార్చి 11వ తేదీ రాత్రి ముద్రణాలయము దగ్ధమయ్యెను. అనేక సంవత్సరముల వ్రాతప్రతులు, వానిలో తెలుగు వ్యాకరణమును, బూడిదయ్యెను. కలకత్తాలో నున్న కేరీకి మరునాడు ఆ వార్త అందెను. ఆయన దైవము నెదుట మౌనము వహించి, మరల మొదటినుండి వ్రాయ నారంభించెను. నేడు మనకు లభించు తెలుగు వ్యాకరణము ఆ సహనమునకు ఫలము.

తన సమాధిపై పొగడ్తలు వలదని, దీనుడనై దేవుని చేతులలో వాలుచున్నానను భావముగల రెండు పద్యపాదములు చాలునని ఆయన కోరెను. బాల్యమున తన తప్పును దాచుమని వేడుకొన్నవాడు, తుదకు తన దైన్యమును రాతిపై చెక్కించుకొనెను.