లోటు ఎవరు పూడ్చాలి? జేమ్స్ విల్సన్ జీవితం

నెలనెలా జీతం చీటీలో పన్ను కోత చూసి మా నాన్న నిట్టూరుస్తారు. ఈ ఆదాయపు పన్నుని మన దేశానికి తెచ్చిందెవరా అని వెతికితే నాకు జేమ్స్ విల్సన్ దొరికాడు.

ఆయన 1805లో స్కాట్లండులోని హావిక్ అనే ఊళ్ళో, ఉన్ని మిల్లు ఉన్న ఇంట్లో పుట్టాడు. టోపీల వ్యాపారం చేశాడు. నీలిమందు బేరంలో బాగా నష్టపోయాడు. అయినా కుంగిపోకుండా లెక్కలే చదువుకుని 1843లో ఎకనమిస్ట్ పత్రిక పెట్టాడు, పార్లమెంటుకీ వెళ్ళాడు. 1859 చివర్లో కలకత్తాలో దిగాడు.

అప్పటికి 1857 తిరుగుబాటును అణచిన ఖర్చుతో ప్రభుత్వం అప్పుల్లో మునిగి ఉంది. ముఖ్యమైన రాబడి భూమిశిస్తు, నల్లమందు, ఉప్పు. ఈ ఉప్పు దగ్గరే నేను ఆగిపోయాను. కూలివాడి ఇంట్లోనైనా, జమీందారు ఇంట్లోనైనా మనిషి తినే ఉప్పు ఇంచుమించు ఒక్కటే. సంపాదనల్లో మాత్రం ఎంత తేడా! డబ్బు కొందరి దగ్గర పోగుపడి, పన్ను అందరి ఉప్పు మీద పడితే ఖజానా ఎలా నిండుతుంది? లేనివాడి దగ్గర పిండడానికి ఏముంటుంది? ఇక మిగిలేది అప్పే కదా.

1860 ఫిబ్రవరి 18న విల్సన్ బడ్జెట్ పెట్టాడు. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయానికి పన్ను లేదు. 500 లోపు నూటికి రెండు, ఆపైన నాలుగు. 1793 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం చూపించి బెంగాల్ జమీందార్లు గొడవ చేశారు. ఇక్కడ మన మద్రాసులో గవర్నరు ట్రెవెల్యన్, కొత్త పన్నులెందుకు, ఖర్చు తగ్గించుకోండి అని బహిరంగంగానే ఎదిరించాడు. దాంతో ఆయన పదవే పోయింది. ఆయన మాటలోనూ న్యాయం ఉందనిపిస్తుంది నాకు. మనల్ని అణచడానికైన ఖర్చు మనచేతే కట్టించడం ఏం ధర్మం?

జూలై 24న చట్టం వచ్చింది. ఆగస్టు 11న విల్సన్ కలకత్తాలోనే రక్తవిరేచనాలతో చనిపోయాడు. ఈ దేశంలో ఆయన ఏడాది కూడా లేడు. తర్వాత ట్రెవెల్యనే ఆర్థిక సభ్యుడిగా తిరిగొచ్చాడు. 1865లో ఆదాయపు పన్ను పోయింది. ఉప్పు పన్ను మాత్రం పోలేదు. ఉన్నవాళ్ళ గోడు కలకత్తా దాకా వినబడింది, లేనివాళ్ళది వినబడలేదు. 1886లో ఆదాయపు పన్ను మళ్ళీ వచ్చి, ఇప్పటిదాకా నిలిచింది.

విల్సన్ పరాయి పాలకుల మనిషే, కాదనను. కానీ లోటు బడ్జెట్ అనే మాట విన్నప్పుడల్లా ఇప్పుడు నేను అంకె ఒక్కటే చూడట్లేదు. అది ఎవరి కంచంలోంచి పూడుతోందో కూడా చూస్తున్నాను. ఈ మాట మా నాన్నతో అంటే నవ్వి ఊరుకున్నారు. నిట్టూర్పు మాత్రం ఇంకా మానలేదు!

– రెండో సంవత్సరం బి.ఎ. విద్యార్థిని