కౌంటు బెర్నడాట్

1948 సెప్టెంబరు 17వ తేదీ యనగానే మన పాఠకులకు హైదరాబాదు తలపునకు వచ్చును. నిజాము పోరు విరమించుచున్నట్లు ప్రకటించిన దినమది. ముందునాడే ఆయన ఫిర్యాదును పారిసులో భద్రతాసమితి చర్చకు గైకొనెను. అదే 17వ తేదీ సాయంకాలము జెరూసలేము వీథిలో ఐక్యరాజ్యసమితి పాలస్తీనా మధ్యవర్తి తుపాకిగుండ్లకు బలి యయ్యెను. మన సంబరములో ఆ మరణము మనకంతగా పట్టలేదు. కావున ఆయనను గూర్చి కొంత చెప్పదలచితిమి.

ఫోల్కె బెర్నడాట్ 1895లో స్టాక్‌హోములో జన్మించెను. స్వీడను రాజు రెండవ ఆస్కారునకు మనుమడు. తండ్రి ప్రేమవివాహముచే సింహాసనపు హక్కును కోల్పోయినందున, ఈయనకు బిరుదే గాని రాజ్యాశ లేదు. 1945లో స్వీడను రెడ్‌క్రాసు పక్షమున జర్మనీకి పోయి, హిమ్లరు వంటి క్రూరునితో బేరమాడి, తెల్లరంగు పూసిన బస్సులలో వేలకొలది బందీలను నిర్బంధశిబిరములనుండి వెలికి తెచ్చెను. వారిలో యూదులును పెక్కురు.

పాలస్తీనా వ్యాజ్యము వేరు రకపుది. 1947 నవంబరు 29న సర్వసభ్యసభ ఆ దేశవిభజనను సిఫారసు చేసెను. యూదులు దానినే తమ రాజ్యమునకు పత్రమనిరి. సిఫారసు శాసనము కానేరదనియు, అధికసంఖ్యాకులైన నివాసుల భూమిని పంచిపెట్టు అధికారము సభకు లేదనియు అరబ్బులు వాదించిరి. విచారణసంఘమున భారతసభ్యుడై విభజనను నిరాకరించి సమాఖ్యను కోరిన సర్ అబ్దుర్ రహమాను మన మదరాసు హైకోర్టు న్యాయాసనము నధిష్ఠించినవారే.

1948 మే 20న మధ్యవర్తియైన బెర్నడాట్, జూన్ 11 నాటికి నాలుగువారముల యుద్ధవిరామము సాధించెను. ఆ నెలలోనే జెరూసలేమును అరబ్బులకిమ్మని సూచించుట పొరపాటని మా యభిప్రాయము. యూదుల యాగ్రహము నాడే రగిలినది. సెప్టెంబరు 16 నాటి నివేదికలో దానిని దిద్దుకొని, జెరూసలేమును ఐక్యరాజ్యసమితి యదుపున నుంచి, గలిలయను యూదులకును, నెగెవును అరబ్బులకును చూపెను. భూమి విషయమున నిట్లు మార్పులకు సిద్ధపడిన యాయన యొకచోట మాత్రము పట్టు సడలింపలేదు. ఇండ్లు విడిచిపోయిన అరబ్బులకు మరలివచ్చు హక్కు గలదు. రానొల్లనివారికి పరిహార మీయవలెను.

మరునాడే లెహీ యను యూద తీవ్రవాదుల ముఠా ఆయన కారు నాపి, ఆయనను, ప్రక్కనున్న ఫ్రెంచి కర్నలు సెరోను కాల్చి చంపెను. ఆ హత్యకై యెవ్వనికిని శిక్ష పడలేదు. ఆ ముఠానాయకులలో నొకడగు షమీరు 1983లో ఇజ్రాయేలు ప్రధానమంత్రియు నయ్యెను!

ఆయన సరిహద్దుల నుభయపక్షములును త్రోసివేసినవి. అయినను ఆయన మరణము న్యాయశాస్త్రమునకొక యధ్యాయము చేర్చినది. తన సేవకుని చంపినందులకు, సభ్యత్వము లేని రాజ్యమునుండి సైతము ఐక్యరాజ్యసమితి పరిహారము కోరవచ్చునని అంతర్జాతీయ న్యాయస్థానము 1949 ఏప్రిల్ 11న అభిప్రాయమిచ్చెను. ఇజ్రాయేలు 1950లో ఆ సొమ్ము చెల్లించెను. మరలివచ్చు హక్కును గూర్చిన ఆయన వాదము 1948 డిసెంబరు 11 నాటి 194వ తీర్మానమున పదునొకండవ పేరాగా చేరినది. ఆ పేరా నేటికిని అమలు కాలేదు.