చెఱసాలలో రామదాసు

కష్టము రాని మానవుడు లోకమున లేడు. అయితే కష్టమును భరించు విధము అందఱకును ఒక్కటి కాదు. కొందఱు లోలోపల కుమిలిపోవుదురు. కొందఱు తమ బాధను తమకంటె బలహీనులపై చూపుదురు. మఱికొందఱు ఆ బాధకు పాటగానో, పద్యముగానో, చిత్రముగానో ఒక రూపము కల్పించి, దానిని తమ యెదుట నిలుపుకొని, దానితో వాదించి, తుదకు దానిని మోయుటకు నేర్చుకొందురు. మనోవ్యథ గలవారిచేతను, దీర్ఘరోగులచేతను బొమ్మలు వేయించియు, పాటలు పాడించియు వారికి ఉపశమనము కలిగించు పద్ధతిని నేటి వైద్యలోకము కళాచికిత్స యని పిలుచుచున్నది. ఆ పేరు క్రొత్తది. దానికి మూలమైన మానవస్వభావము మాత్రము మిక్కిలి ప్రాతది. వైద్యుడు గాని, గురువు గాని, తోడు గాని లేక, గోలకొండ కోటలోని చీకటి గదిలో ఆ స్వభావమే ఆధారముగా నిలిచిన యొక తెలుగువాని చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను. ఆయనయే భక్త రామదాసు.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. జన్మస్థలము నేలకొండపల్లి. ఆ గ్రామము నేడు ఖమ్మము జిల్లాలో నున్నది. కాని 1953వ సంవత్సరమున ఖమ్మము ప్రత్యేక జిల్లాగా ఏర్పడువఱకు ఆ సీమ వరంగల్లు జిల్లాలోని భాగమే. కావున హనుమకొండలో చదువుకొను బాలబాలికలకు రామదాసు పొరుగువాడే. ఆయన జీవించినది 17వ శతాబ్దము. ఆ కాలమున మన ప్రాంతమును గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానులు ఏలుచుండిరి. వారిలో కడపటివాడైన అబుల్ హసన్ 1672 మొదలు 1687 వఱకు పాలించెను. జనులు ఆయనను తానీషా యని పిలిచిరి. ఆయన కొలువులో అక్కన్న, మాదన్న యను సోదరులు గొప్ప అధికారములు వహించిరి. మాదన్న ప్రధానమంత్రి పదవి నందెను. వీరు గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. ఆ బంధుత్వమువలన గోపన్నకు పాల్వంచ పరగణాకు తాసీల్దారు ఉద్యోగము లభించెను.

ఆ ప్రాంతమున, గోదావరి యొడ్డున, భద్రాచలమున్నది. అచ్చట పోకల దమ్మక్క యను భక్తురాలు ఒక పందిరి క్రింద సీతారామలక్ష్మణుల విగ్రహములను నిలిపి పూజించుచుండెనని స్థలపురాణము చెప్పుచున్నది. ఎండకు ఎండుచు, వానకు తడియుచున్న ఆ మూర్తులను చూచి గోపన్న హృదయము కరగెను. ఆలయము కట్టింపవలెనని ఆయన సంకల్పించెను. మొదట చందాలు పోగుచేసెను, అవి చాలలేదు. పిమ్మట రైతుల వద్ద వసూలైన శిస్తు సొమ్మును, సుల్తాను అనుమతి లేకయే, ఆలయమునకును, దేవుని నగలకును వెచ్చించెను. ఆ మొత్తము ఆరు లక్షలని జనశ్రుతి.

ఇచ్చట మనము నిష్పక్షపాతముగా ఆలోచింపవలసియున్నది. ఉద్దేశము పవిత్రమైనదే, కాని సొమ్ము సర్కారుది. నమ్మి చేతికిచ్చిన ధనమును అడుగకుండ వాడుట తప్పని, తరగతిలో చందా పెట్టె యొద్ద కూర్చుండు చిన్నవానికిని తెలియును. కావున గోపన్న నిర్దోషి యని వాదించి లాభము లేదు. ఆయన బాధలో ఈ అంశము గూడ నుండెనని మనము గ్రహింపవలెను. ఏ తప్పును చేయని వానికి కష్టము వచ్చినపుడు, నేను నిర్దోషిని అను ధైర్యమొకటి యుండును. తాను మంచిదని నమ్మి చేసిన పని వలననే కష్టము వచ్చినవానికి ఆ ధైర్యము గూడ సగమే. అట్టివాని మనస్సు రాత్రింబవళ్లు తనతో తానే వ్యాజ్యమాడుచుండును.

సుల్తాను ఆజ్ఞచే గోపన్నను గోలకొండ కోటలో బంధించిరి. చెఱ పన్నెండేండ్లు సాగెనని పరంపరగా చెప్పుదురు. సొమ్ము కక్కింపవలెనని భటులు కొరడాలతో కొట్టిరి. కొట్టిన దెబ్బలు ఆయన కీర్తనలలోనే వినవచ్చుచున్నవి. గోలకొండ చూడబోవు యాత్రికులకు నేటికిని ఆ గదిని చూపుదురు. దాని గోడమీద రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు మున్నగువారి రూపములు చెక్కబడియున్నవి. అవి గోపన్న స్వహస్తములతో చెక్కినవని జనులు తరతరములుగా నమ్ముచున్నారు. కొలువులో పత్రములపై చేవ్రాలు చేసిన చేయి, కాగితమును కలమును లేనిచోట రాతిగోడనే పలకగా చేసికొనెనన్నమాట.

ఆ బొమ్మలను గూర్చి ఒక్క క్షణ మాలోచింపుడు. బందీ కన్నులకు ప్రతిదినమును కనబడునది ఒక్క గోడయే. ఆ గోడ శత్రువు వంటిది. దానిమీద తనకు ప్రియమైన ముఖమును చెక్కుకొన్న దినమునుండి అదే గోడ ఆయనకు ఎదుట కూర్చుండి వినెడి మిత్రమయ్యెను. గోడ మారలేదు, దాని మందము అంగుళమైనను తగ్గలేదు. మారినది గోడకును మనిషికిని నడుమనున్న సంబంధము. కళ చేయు సహాయము మొదట ఇట్టిదే.

రెండవది పాట. చెఱలో ఆభరణములను లాగుకొనవచ్చును, వస్త్రములను లాగుకొనవచ్చును. కంఠస్వరమును లాగుకొనుట సుల్తానునకును సాధ్యము కాదు. గోపన్న రామునిపై కీర్తనలు కట్టి పాడెను. నేడు నూటికి పైగా కీర్తనలు ఆయన పేర ప్రచారములో నున్నవి. దాశరథీ శతకము గూడ ఆయన రచనయే. ఈ కీర్తనలను కేవలము భక్తిపాటలని విని ఊరకుండువారు వాని లోతును సగమే యెఱుగుదురు. అవి ఒక మనిషి తన మనస్సు చెదరిపోకుండ ప్రతిదినమును దానిని కూడదీసికొన్న చరిత్ర.

అందు సుప్రసిద్ధమైన యొక కీర్తనను చూడుడు. దానిలో ఆయన తాను చేయించిన నగల జాబితాను చదువును. సీతమ్మకు పతకము, లక్ష్మణునికి ముత్యాల పతకము, భరతునికి పచ్చల పతకము, శత్రుఘ్నునికి బంగారు మొలత్రాడు. ఒక్కొక్కదానికి పదివేల చొప్పున లెక్క చెప్పును. తాసీల్దారు బుద్ధి చెఱలోను వదలలేదు! లెక్క చెప్పుచు చెప్పుచు ఆయనకు కోపము కట్టలు త్రెంచుకొని వచ్చును. ఆ నగలు ధరించి తిరుగు దేవునినే మొగము మీద నిలదీయును. అంతలోనే ఆ కోపము కరగును. కొరడా నొప్పి తన నోట పరుషవాక్యములు పలికించినదని విన్నవించి, మన్నింపు కోరును.

లెక్క, కోపము, పశ్చాత్తాపము, వేడికోలు: ఇవి యన్నియు ఒక్క పాటలో, ఒక క్రమమున వచ్చుచున్నవి. మనసులో సుడులు తిరుగు భావములకు క్రమముండదు. ఒకదానిపై నొకటి పడి ఊపిరి సలుపనీయవు. పాటకు పల్లవి యుండును, చరణములుండును, తాళముండును. ఎంత కోపముతో చరణము పాడినను తిరిగి పల్లవికి రాక తప్పదు. నిషేధింపబడిన మాట యేదియు అందు లేదు. కాని ప్రతి మాటయు తాళమునకు లోబడియుండవలెను. ఇట్లు బాధ బయటికి వచ్చును, కాని మనిషిని ముంచివేయదు. వరద నీటికి కాలువ త్రవ్వినట్లు పాట ఆయన దుఃఖమునకు దారి చూపెను.

మఱియొక విశేషము గలదు. గోపన్న ఒంటరిగా పాడినను, ఒంటరితనమును పాడలేదు. ప్రతి కీర్తనలోను ఎదుట నొకరున్నారు. ఒకప్పుడు రాముని తిట్టును, ఒకప్పుడు బతిమాలును, ఒకప్పుడు, తండ్రి వినకున్న తల్లి చేత చెప్పించు బిడ్డవలె, తన కొఱకు మగనితో ఒక మాట చెప్పుమని సీతమ్మను ప్రాధేయపడును. మన ఇండ్లలో పిల్లలు చేయు పనియే గదా ఇది! తన మాట వినువారొకరున్నారను నమ్మకము పోయిననాడే మనిషి నిజముగా బందీ యగును. రామదాసు ఆ నమ్మకమును పాటతో ప్రతిదినమును నిలుపుకొనెను.

ఇట్టి యనుభవము మన దేశమునకే పరిమితము కాదు. ఆంగ్లదేశమున ఆడ్రియన్ హిల్ అను చిత్రకారుడు 1938లో క్షయరోగియై మిడ్‌హర్స్ట్ అను ఊరి శానటోరియములో చేరెను. అప్పటికి క్షయకు నేటి మందులు లేవు. నెలల తరబడి మంచముపై పడియుండుటయే చికిత్స. ఆయన మంచముమీదనే ఎదుటి వస్తువులను చిత్రించుచు దిగులును జయించి, పిదప తోటి రోగులకును ఆ విద్య నేర్పెను. కళాచికిత్స యను అర్థముగల ఆంగ్లపదమును 1942లో మొదట వాడినవాడు ఆయనయే. వియన్నా నగరమున జన్మించిన ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అను చిత్రకారిణిని నాజీలు 1942లో టెరెజీన్ నిర్బంధ నగరమునకు తరలించిరి. ఆమె అచ్చటి యూదు బాలబాలికలకు రహస్యముగా చిత్రలేఖనము నేర్పెను. 1944లో ఆమెను ఆష్విట్జ్‌నకు పంపి చంపిరి. పోవుటకు ముందు రెండు పెట్టెలలో దాచిన సుమారు 4,500 చిత్రములు మాత్రము దక్కినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయము 2019లో 3,000కు పైగా అధ్యయనములను పరిశీలించి, రోగనివారణమునందును, చికిత్సయందును కళలకు పాత్ర గలదని ప్రకటించెను. మన గోపన్నకు ఈ శాస్త్రమేదియు తెలియదు. దాని సారము మాత్రము ఆయన రాతిగోడ యొద్ద నేర్చుకొనెను.

రామదాసు విడుదలను గూర్చి తెలుగువారందఱకు తెలిసిన కథ యొకటి కలదు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో రాత్రివేళ సుల్తాను శయ్యాగారమునకు వచ్చి, ఆరు లక్షలను చెల్లించి, రసీదు పుచ్చుకొనిరని ఆ కథ. సుల్తాను విస్మయమొంది బందీని విడిపించి, భద్రాద్రి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారమును నెలకొల్పెనని చెప్పుదురు. శ్రీరామనవమినాడు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము నేటికిని సాగుచున్నది. కథను నమ్మువారు నమ్ముదురు. నమ్మనివారికిని ఒక్క సంగతి కాదన వీలులేదు: పన్నెండేండ్లు కొరడా తిన్నవాని నోటినుండి ద్వేషమునకు బదులు తెలుగుజాతి నేటికిని పాడుకొను పాటలు వెలువడినవి. ఇదియు అద్భుతమే.

తానీషా గతి వేఱుగా ముగిసెను. కూచిపూడి భాగవతుల ఆట చూచి మెచ్చి, వారికి ఆ గ్రామమునే అగ్రహారముగా నిచ్చెనని ఆయనను గూర్చి చెప్పుదురు. కళాప్రియుడనుటలో సందేహము లేదు. అయినను 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొని ఆయనను దౌలతాబాదు కోటలో బంధించెను. అచ్చటనే, బందీగానే, ఆయన మరణించెను. చెఱలో పెట్టినవాడును చెఱలోనే కన్నుమూసెను. అధికారము ఎవ్వరిని ఎంతకాలము కాపాడునో చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

రామదాసు పాటలు మాత్రము కోట దాటి వచ్చినవి. శతాబ్దము గడచిన పిమ్మట తమిళదేశమున తిరువయ్యారులో నివసించిన త్యాగరాజు (1767–1847) తన కృతులలో రామదాసును భక్తితో స్మరించెను. పల్లెలలోని భజనగుంపులు చిడతలు, తాళములు పట్టి వానిని పాడినవి. 20వ శతాబ్దమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానమువలన అవి ఇంటింటికి చేరినవి. ఒకని నొప్పినుండి పుట్టిన పాట, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికిని, పంట పోయిన రైతునకును తమ నొప్పిని చెప్పుకొను భాష యయ్యెను. స్వస్థత పొందినవాడు ఇతరులకు స్వస్థత పంచిన విధము ఇది.

విద్యార్థులారా! ఈ చరిత్రమునుండి మీరు గ్రహింపవలసినది యొకటి కలదు. కళ తలుపు తెఱువదు. రామదాసు పాటలు పాడినందున శిక్షాకాలము ఒక దినమైనను తగ్గలేదు. దెబ్బ ఒకటైనను తప్పలేదు. తలుపు తెఱువబడు దినము వచ్చువఱకు లోపలి మనిషి మనిషిగా మిగిలియుండునట్లు చూచుటయే కళ చేయు మేలు. అందుచేత జ్వరమునకు వైద్యుని మానుకొని బొమ్మలు వేయుట తెలివి కాదు. కాని వైద్యుడు పోయిన తరువాత మిగిలిన దీర్ఘమైన మధ్యాహ్నమునకు బొమ్మయు పాటయు గొప్ప తోడు.

మీలోను తండ్రిని కోల్పోయినవారుందురు. ఇల్లు విడిచి హాస్టలులో రాత్రులు దిండు తడుపుకొనువారుందురు. పరీక్ష తప్పి ఎవ్వరికిని మొగము చూపలేనివారుందురు. ఆ దుఃఖమును దాచుకొనుట మగతనమని గాని, ఓర్పని గాని భ్రమింపకుడు. నమ్మదగిన పెద్దవారితో చెప్పుకొనుడు. మాటలు రాకున్న పలక తీసికొని గీయుడు, నోటుపుస్తకపు వెనుక పుటలో నాలుగు పంక్తులు వ్రాయుడు, పాడుకొనుడు. గీత వంకరపోయిన నేమి, శ్రుతి తప్పిన నేమి? అది బహుమతి కొఱకు కాదు. రామదాసును గూడ ఎవ్వరును మార్కులు వేయుటకు వినలేదు. గోడ యొక్కటియే వినెను. ఆ గోడ విన్న పాట మూడు శతాబ్దములు దాటి నేడు మనకు వినబడుచున్నది.