సోమదేవసూరి: మాట విలువ నెఱిఁగిన తార్కికుఁడు

వేములవాడ రాజన్నను దర్శింపనివారు మన సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములందు అరుదు. ఆ వేములవాడ వేయి యేండ్ల క్రిందట చాళుక్యప్రభువుల రాజధానియై, ఒక మహాతార్కికున కాశ్రయ మిచ్చినదని యెఱిఁగినవారు మాత్రము కొందఱే. ఆయన జైనాచార్యుఁడగు సోమదేవసూరి. ఆ మహనీయుని చరిత్రమును పద్మశాలి కులబంధువులకును, పోషకమహాశయులకును సంగ్రహముగా నివేదించుచున్నాము.

సోమదేవుఁడు నేమిదేవుని శిష్యుఁడు. స్యాద్వాదాచలసింహుఁడు, తార్కికచక్రవర్తి యనునవి ఆయన బిరుదములు. శాలివాహనశకము 881, అనఁగా క్రీ. శ. 959వ సంవత్సరమున, అరికేసరి పెద్దకుమారుఁడగు వద్దెగుని కాలమందు, గంగాధారలో యశస్తిలకచంపువును పూర్తిచేసెను. అది నేఁటి కరీంనగరు జిల్లాలోని గంగాధరయే యని పలువురు పండితుల యభిప్రాయము. రాజనీతిని గూర్చి 32 సముద్దేశములు గల నీతివాక్యామృతమును గూడ రచించెను. క్రీ. శ. 966లో వద్దెగుని కుమారుఁడగు అరికేసరి, తన తండ్రి కట్టించిన శుభధామ జినాలయమునకై సోమదేవునకు ఒక గ్రామమును దానమిచ్చినట్లు పర్భణి తామ్రశాసనమువలనఁ దెలియుచున్నది.

యశస్తిలకమున యశోధరుఁడను రాజు ప్రాణిహింసకు వెఱచియు, తల్లి మాట త్రోయలేక, పిండితోఁ జేసిన కోడిని బలియిచ్చును. ఆ సంకల్పదోషముచేతనే తల్లియుఁ గొడుకును పెక్కు జన్మములు దుఃఖపడుదురు. కోడి పిండిదైనను చంపవలెనను తలంపు నిజమైనదే గదా!

గ్రహణస్నానము, సంక్రాంతినాఁటి ధనవ్యయము మొదలగువానిని సోమదేవుఁడు లోకమూఢతలలోఁ జేర్చెను. అయినను తన మతవిశ్వాసమునకును, వ్రతమునకును భంగము కలిగింపని లోకాచారము నెల్ల గృహస్థుఁడు పాటింపవచ్చునని యంగీకరించెను. ప్రశ్నించుటలోఁ గల యీ మితమే వివేకము.

వాక్కు విషయమున ఆయన విభాగము మఱింత సూక్ష్మము. వస్త్రమును నేయుచున్నాఁడనుట అసత్యమువలెఁ దోఁచు సత్యము. నేయఁబడునది నూలు, వస్త్ర మింకను పుట్టలేదు. మన వృత్తియే తర్కమునకు దృష్టాంతమైనందులకు మే మానందించుచున్నాము. పక్షములో నిచ్చెదనని పలికి నెలకో యేఁటికో యిచ్చుట అసత్యముతోఁ గూడిన సత్యము. వస్తువును దాని దేశకాలాకారప్రమాణములతో నున్నదున్నట్లు చెప్పుట సత్యసత్యము. తనయొద్ద లేనిదానిని రేపిచ్చెదననుట అసత్యాసత్యము. మొదటి మూఁడును లోకయాత్రకు సమ్మతములు. నాలుగవది యెన్నఁడును పలుకరానిది.

నూలు అప్పునకును, కూలి గడువునకును, మరమగ్గము బేరమునకును మనకు మాటయే పూఁచీ. సభావేదికపైఁ బ్రకటింపఁబడిన విరాళము నెల యాలస్యముగ ముట్టినను పేదవిద్యార్థికిఁ బుస్తకములు వచ్చును. లేని ధనమును ప్రకటించినచో, ఆ మాట నమ్మి బడిలోఁ జేరిన బాలుఁడు నడుమనే చదువు మానవలసి వచ్చును. కావున వేదిక నెక్కువారు ముందుగాఁ దమ పెట్టె తెఱచి చూచుకొని, పిదప నోరు తెఱతురుగాక యని ప్రార్థించుచున్నాము.